అచ్చులో మిగిలిన కొసలు

హనుమకొండ
9 జూన్ 2025

మామయ్యా,

నమస్కారం. అత్తమ్మకు కూడా. మీ అమ్మాయి పద్మలతకు నా ముద్దులు.

మొన్న ఫోన్‌లో నేను అరిచిన అరుపుకు పక్కింటి రాజక్క పరుగెత్తుకుంటూ వచ్చి, "ఎవలకేమైంది బిడ్డా?" అని అడిగింది. నువ్వు మాత్రం అటునుంచి "ఆఁ, తిన్న, తిన్న" అన్నావు. నేను అడిగింది నువ్వు తిన్నావా అని కాదు, నీ అడ్రస్ మారిందా అని. భీవండిలో ఆ మరమగ్గాల, అదే మీ సాంచల మోత నీ చెవులు తినేసింది, ఆ డబ్బా ఫోన్‌లో మెసేజీ పెడితే చూడవు, ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోనూ ఎప్పుడూ నీ జేబులోనే. ఇక మిగిలింది ఉత్తరమే. చివరిసారి ఉత్తరం రాసింది ఎనిమిదో తరగతి పరీక్షలో, అదీ సెలవు చీటీ.

దీంతోపాటు ఒక రంగుల పుస్తకం పంపుతున్నాను. అందులో నా పేరు ఎక్కడా లేదు గానీ ప్రతి అక్షరం నేనే రాశాను. నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. మామూలుగా టూరిజం వాళ్ళు "వచ్చి చూసి పొండి" అంటారు కదా. మా ఆఫీసు వాళ్ళు "వచ్చి చూసి ఉండిపొండి" అంటారు. హైదరాబాద్‌లో ట్రాఫిక్‌లో నలిగిపోతున్న వాళ్ళను, ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేసుకునే వాళ్ళను వరంగల్ రప్పించాలి. ఒక వారం మా ఆఫీసు ఇంట్లో అతిథిగా ఉంచి కోట చూపించి, భద్రకాళి చెరువు మీద పొద్దు చూపించి, బడి చూపించి ఇక్కడే కాపురం పెట్టించాలి. దసరాలోపు పది కుటుంబాలు స్థిరపడితే నా ఉద్యోగం పక్కా. లేకపోతే మా సారంగపాణి సార్ నన్ను కూడా ఒక వారం అతిథి కింద లెక్కేసి పంపించేస్తారు.

నాలుగో పేజీ చూడు. కొత్తవాడలో మేం అద్దెకు తీసుకున్న ఇల్లు అది. కిటికీ పక్కన మగ్గం గుర్తుపట్టావా? నీదే! అమ్మ అటక మీద గుడ్డ చుట్టి దాచిన అచ్చు, అదే దారాలు దూర్చే ఆ దువ్వెనలాంటి చట్రం, కూడా దింపి బిగించాం. బాగా దులిపి శుభ్రం చేయించాను. ఇప్పుడు చూస్తే నువ్వే మురిసిపోతావు.

చదివి ఎలా ఉందో రాయి. మెచ్చుకోకపోతే జవాబు రాయనక్కర్లేదు.

నీ మేనకోడలు
దీప


భీవండి
19 జూన్

దీపా బిడ్డకు మామ ఎల్లస్వామి దీవెనలు. ఇక్కడ అందరం మంచిగున్నం. నా చెవులు తప్ప.

నీ కాగితం అందింది. మూడుసార్లు చదివిన. సాంచల కాడికి కొంటవోయి మనోళ్ళందరికీ చూపెట్టిన. "మా అక్క బిడ్డ రాసింది" అంటె ఒక్కడు నమ్మలే. ఎంత మంచిగ రాసినవ్ బిడ్డా! "మీ పని మీ ఇంట్లోనే, మీ ఇల్లు మీ ఊళ్ళోనే" అన్న కాడ నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. మీ అత్త చూస్తదని పొగ అన్న.

నాలుగో పేజీ కాడ మాత్రం నా చెయ్యి ఆగింది. అచ్చుల నుంచి ఎర్ర దారం, నల్ల దారం జానెడు కొసలు వేలాడుతున్నయి. అవి నావి. నేను తొంభై నాలుగుల ఇడిసి వచ్చిన కొసలు.

నీకు ఎర్కలేకపోవచ్చు. మీ నాయిన ఆర్టీసీ మనిషి, మీ ఇంట్ల మగ్గం ఆడలే. షత్రంజీ, అదే జంపకాన, నేసుడు అయిపోతె కోసి తీస్తం గానీ అచ్చుల నుంచి దారం పూర్తిగ గుంజం. కొసలు ఉంచుతం. మళ్ళ కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కొక్క పాత కొసకు ఒక్కొక్క కొత్త దారం ముడేసి అతుకుతం. కొసలు ఉన్నయంటె ఆ మనిషి మళ్ళ వస్తడని లెక్క. కొసలు కోసిండంటె మగ్గం ఇడిసినట్టే. మా నాయిన నేను పోయెటప్పుడు పొమ్మనలే, వద్దనలే. అచ్చు మీద చెయ్యి పెట్టి, "కొసలు కొయ్యకురా" అన్నడు. అంతే. ఆయిన పోయినంక మీ అమ్మ వేపాకు పెట్టి గుడ్డ చుట్టి ఇన్నేండ్లు కాపాడింది.

ఇప్పుడు నువ్వు ఆ కొసలు ఊరందరికీ కనబడేటట్టు ఫొటో తీసి నాకు పంపినవ్. నోటితోని రమ్మంటె సిగ్గుపడ్తనని కాగితంల పెట్టి పిలిచినవ్. నాకు సమజైంది బిడ్డా. తెలివిగల్లదానివి.

రెండు సంగతులు రాయి. ఆ కిటికీ ఉన్న ఇల్లు ఎవలకన్న ఇచ్చిండ్రా? పని ఇంటికే అన్నరు, నూలు ఎవలు తెచ్చి పోస్తరు, సొసైటీయా, సేటా?

మీ అత్త మాత్రం పుస్తకం అటు తిప్పి ఇటు తిప్పి, "పూలకుండి ఉన్నది, కిటికీ ఉన్నది. నీళ్ళ నల్లా ఏది?" అంటాంది. ఆమె ఎప్పుడు గట్లనే.

మీ మామ
ఎల్లస్వామి


హనుమకొండ
28 జూన్

మామయ్యా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు ఆఫీసులో పని సాగలేదు. ఎందుకో చెప్పను. మెచ్చుకున్నావు కదా, సంతోషంతోనే అనుకో.

ఇక్కడ ఒకటే వాన. మొదటి అతిథులు వచ్చి వెళ్ళారు. గచ్చిబౌలి నుంచి భార్యాభర్తలిద్దరు, వాళ్ళ ఐదేళ్ళ పాప. మొదటిరోజు పాప ఖిల్లాలో రాతి తోరణం కింద నిలబడి కదలనంది. ఫొటోలు తీసి పెట్టాం, లైకులే లైకులు. రెండోరోజు నెట్ పోయింది. మూడోరోజు నల్లా రాలేదు. నాలుగోరోజు పొద్దున కారెక్కి, "ప్లేస్ చాలా బాగుందండీ, మళ్ళీ వస్తాం" అన్నారు. మళ్ళీ వస్తాం అన్నవాళ్ళు ఉండిపోరు మామయ్యా, ఆ మాట నాకిప్పుడు బాగా తెలిసింది. పదిలో ఇంకా సున్నా. సారంగపాణి సార్ గోడ మీద పెద్ద మ్యాపు పెట్టారు. వచ్చి ఉండిపోయిన ప్రతి కుటుంబానికీ ఒక ఎర్ర గుండుసూది గుచ్చుతారట. సూదుల డబ్బా ఇంకా విప్పలేదు.

నువ్వు అడిగిన సంగతులు. ఇల్లు ఎవరికీ ఇవ్వలేదు. పని సంగతి కొంచెం వేరు, వివరంగా రాస్తాను. ముందు దరఖాస్తు, ఆ పైన పరిశీలన, ఇలా చాలా ఉంటాయి. నువ్వు మాత్రం తొందరపడకు. అక్కడ నీ పని ఉంది, పద్మలత బడి ఉంది. అన్నీ ఆలోచించుకోవాలి కదా.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. దవాఖానకు తీసుకెళ్ళాను. నీ ఉత్తరం చదివి వినిపించమంది. సగం చదివాను.

దీప


భీవండి
8 జూలై

బిడ్డా,

దరఖాస్తు అన్నవు గద, పుస్తకం ఆఖరి పేజీల ఉన్నది. నింపి దీంట్ల పెట్టిన. సారుకు నీ చేతితోని ఇయ్యి. "ప్రస్తుత వృత్తి" కాడ నేత అని రాసిన. "నెలకు ఎన్ని రోజులు ఇంటి నుంచి పని చేస్తారు" అంటె అన్ని రోజులు అని రాసిన. "తీరిక వేళ ఇష్టమైన వ్యాపకం" అని అడిగిండ్రు. పద్మలత నవ్వుకుంట "నిద్ర" అని రాసింది, ఉండనిచ్చిన.

తొందరపడకు అన్నవు. పడతలేను. మెల్లగనే చేస్తాన. సేటుకు చెప్పిన, ఈ నెలాఖరుదాక సాంచ నడిపి ఇడుస్తనని. పద్మలత టీసీ తీసిన. రూంకు సిరిసిల్ల పిలగాడొకడు దొరికిండు, ఒకటో తారీఖు నుంచి దిగుతడు. ముప్పై ఒక్క ఏండ్లు ఉన్న రూం బిడ్డా, సామాను కడితె నాలుగు మూటలు కాలే.

మీ అత్త నాతోని మాట్లాడతలేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇల్లు చూడలే, పని చూడలే, టీసీ తీసుకున్నడు" అని బీడీలు చుట్టుకుంట అందరికీ చెప్తాంది. చెవులు పోయినా పెదవులు కనబడ్తయి గద. ఆమెకు నువ్వొక మాట రాయి. నీ మాట ఇంటది.

నాకు రాత్రిళ్ళు నిద్ర వస్తలేదు. భయం గాదు. చేతులు గుంజుతున్నయి. అతుకు మరిచిపోయిన్నా అని సుతిలి దారంతోని ముడులు ఏసి చూసుకుంటాన. మరిచిపోలే.

కల్యాణ్‌ల రైలెక్కి వస్తం. తారీఖు ఇంకో ఉత్తరంల రాస్త.

మీ మామ


హనుమకొండ
15 జూలై (స్పీడ్ పోస్ట్)

మామయ్యా,

ఈ ఉత్తరం చదివేముందు కూర్చో. అత్తమ్మను కూడా పిలువు. నా తప్పు ఇద్దరికీ తెలియాలి.

రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ నువ్వు "వస్తానం, వస్తానం" అన్నావు. నేను రావద్దని అరుస్తున్నాను మామయ్యా. బస్టాండులో నిలబడి ఏడుస్తూ అరుస్తుంటే ఆటోవాళ్ళు గుమిగూడారు.

ఆ పుస్తకం నీకోసం రాసింది కాదు. పని ఇంట్లోనే అంటే, తమ పని తమ వెంట తెచ్చుకునే కంప్యూటర్ వాళ్ళని. నూలు ఎవరూ తెచ్చి పోయరు. చేనేత సొసైటీలో ఉన్నవాళ్ళకే చేతినిండా పని లేదని ఇప్పటికీ మగ్గం మీదున్న సోమక్క చెప్పింది, నిన్న కొత్తవాడ వెళ్ళి అడిగి వచ్చాను. ఆ ఇల్లు ఎవరికీ అద్దెకు ఇవ్వరు, వారం రోజుల అతిథులకే. నల్లా ఒకరోజు విడిచి ఒకరోజు వస్తుంది. అత్తమ్మ మొదటిరోజే అడిగింది. పుస్తకం రాసిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

ఇవన్నీ పోయిన నెలలోనే రాయాల్సింది. ఎందుకు రాయలేదో కూడా చెబుతాను, చెప్పకపోతే నాకు అన్నం సయించదు. నీ సంగతి సారంగపాణి సార్‌కు నేనే నవ్వుతూ చెప్పాను. ఆయన, "బయటి రాష్ట్రం నుంచి వస్తున్నారా? రాయమ్మా, మన లెక్కలో ఒకటి పడిపోతుంది" అన్నారు. వద్దనలేకపోయాను. నువ్వు వస్తే నా ఉద్యోగానికి ఒక సూది. ఆ ఆశతోనే "తొందరపడకు" అని నసిగాను తప్ప "రాకు" అని రాయలేదు. నీ దరఖాస్తు రాగానే సార్ మ్యాపు మీద కొత్తవాడ దగ్గర గుండుసూది గుచ్చారు. రోజూ నా కుర్చీకి ఎదురుగా అదే కనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది. దీన్ని ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

ఆ కొసలు లేవు. ఫొటో తీసిన మర్నాడు, అతిథులు వస్తున్నారని సార్ ఇల్లంతా తిరిగి చూసి, "ఆ దారాలేంటి దుమ్ముకొట్టుకుని, నీటుగా చేయించండి" అన్నారు. ఎవరికో చెప్పడం ఎందుకని నా బ్యాగులోంచి కత్తెర తీసి నేనే కోశాను. వంకరటింకరగా ఉన్నాయని వరసగా, నీటుగా కోశాను. నీకు "శుభ్రం చేయించాను" అని రాసింది దాన్నే. అప్పుడు నాకు అవి దారాలు మాత్రమే. నెల తిరిగాక గానీ నీ ఉత్తరం రాలేదు.

అమ్మకు నిన్న మొత్తం ఉత్తరం చదివి, సంగతి చెప్పాను. తిట్టలేదు. "ఎంత మిగిలింది?" అని మాత్రం అడిగింది. నేను చూడలేదన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు.

నీ కాళ్ళు మొక్కుతాను, రూం ఇవ్వకు. సేటును అడిగి మళ్ళీ పనిలో చేరు. టీసీ వెనక్కి ఇచ్చేయి. నన్ను ఎంత తిట్టినా సరే.

దీప


భీవండి
24 జూలై

దీపా,

నీ ఉత్తరం అందింది. మీ అత్తకు గట్టిగ చదివి ఇనిపించిన. నాకు గట్టిగనే వస్తది గద, గల్లీ అంత ఇన్నది.

అబద్ధమెందుకు, నీ మీద నాకు మస్తు కోపం వచ్చింది. అన్నం ముందల కూసోని లేచిన. ముప్పై ఏండ్లు మా అక్క ఎలుక కొరకకుండ కాపాడిన కొసలు, సదువుకున్న పిల్ల కత్తెర పెట్టి కోసిందా అని. రెండు దినాలు సాంచ మీద ఏం నేసిన్నో నాకే తెల్వది. సేటు బట్ట చూసి తిట్టిండు, ఇనబడలే.

మూడోనాడు ఇంకో కాగితం యాదికొచ్చింది. ఇది నీకు ఎన్నడు చెప్పలే.

తొంభై నాలుగుల కొత్తవాడకు పనోళ్ళను కొంటవోయెటి మేస్త్రీ ఒకడు వచ్చిండు. వాని చేతుల గిసొంటి రంగుల కాగితమే. దాని మీద ఒక మనిషి తెల్లంగి తొడుక్కొని సాంచ ముందల నవ్వుతాండు. పక్కన రూం బొమ్మ. రూంల పంక, బయట నల్లా. "భీవండి రండి, బతుకు మార్చుకోండి" అని తెలుగుల అచ్చేసిండ్రు. నేను ఆ కాగితం చూసే రైలెక్కిన. స్టేషన్ ఘన్‌పూర్ దాటినదాక కిటికీ కాడ నిలవడి మల్ల మల్ల చదువుకున్న. ఇక్కడికొచ్చి చూస్తె రూం ఉన్నది. దాంట్ల ఎనిమిది మందిమి. పంక లేదు. నల్లా గల్లీ చివర. సాంచల కాడ నవ్వెటోడు ఎవ్వడు లేడు. చెవులు పోతయని కాగితంల రాయలే.

ఆ కాగితం రాసినోడు ఎవడో నాకు తెల్వది. వాడు నాకు ఎన్నడు ఉత్తరం రాయలే. నల్లా లేదని, పని లేదని, తప్పు రాసిన్నని ఒక్క ముక్క రాయలే. గా ఒక్క ముక్క కోసమే నేను ముప్పై ఒక్క ఏండ్లు ఎదురు చూసిన్నని నీ ఉత్తరం చదివినంక తెలిసింది.

ఇప్పుడు మీ అత్త సంగతి ఇను. పోయినెల నుంచి పోవద్దు పోవద్దు అన్న మనిషి, నీ ఉత్తరం ఇన్నంక బీడీల చాట పక్కకు పెట్టి ఏమన్నదో తెలుసా? "పోదాం పా. అబద్ధం రాసినోని మాట నమ్మి ఇన్నేండ్లు ఉన్నం. నిజం రాసిన పిల్ల కాడ ఒక్క ఏడు ఉండలేమా?" నాకు ఇనబడలేదని ఇంకోసారి చెప్పింది.

సిరిసిల్ల పిలగాడు రూంకు సామాను తెచ్చిండు. సేటు మళ్ళ రమ్మంటాండు గానీ నాకు మనసు లేదు. సోమక్కకు చెప్పి ఒక గది చూడు. కిటికీ లేకున్న ఫికర్ లేదు. పని దొరుకుతదా, దొరకదా, బతుకుతమా అంటె నాకు తెల్వది. భయమే ఉన్నది బిడ్డా, ఇప్పుడు మాత్రం పొగ అని చెప్ప. చెవిటి ముసలోడు, టీసీ పట్టుకున్న ఆడపిల్ల, అలిగే పెండ్లాం. మాకోసం ఏ పుస్తకం అచ్చెయ్యరు.

నీతోని రెండు పనులు.

ఒకటి. ఆ గుండుసూది గుంజి పారెయ్యి. మీ కొత్తోళ్ళ లెక్కల నన్ను రాయకు. నేను కొత్తోణ్ణి గాదు.

రెండు. అచ్చు కాడికి పోయి మిగిలిన కొసలకు వేళ్ళు అడ్డం పెట్టి కొలువు. నాలుగు వేళ్ళుంటె సుఖంగ అతకొచ్చు. రెండు వేళ్ళున్నా నేను ఎట్లనో అతుకుత. అంతకంటె తక్కువుంటె ముడి పడది. ఎంతున్నదో అంతే రాయి. ఎక్కువ రాయకు.

ఆగస్టు నాలుగు నాడు కాజీపేటల దిగుతం.

మీ మామ
ఎల్లస్వామి


హనుమకొండ
29 జూలై (స్పీడ్ పోస్ట్)

మామయ్యా,

సోమక్క ఇంటి వెనక ఒక గది ఉంది. కిటికీ లేదు. రేకుల కప్పు, వాన పడితే వాయువ్యం మూల కారుతుంది, కింద గిన్నె పెట్టాలి. నల్లా ఒకరోజు విడిచి ఒకరోజు, పొద్దున ఆరింటికి, గంటసేపు. అత్తమ్మకు ముందు ఇది చెప్పు. పద్మలత బడి నడిచిపోయే దూరం, సీటు ఉందన్నారు, నేనే వెళ్ళి అడిగాను. పని సంగతి, ఇద్దరు ముగ్గురిని అడిగాను, "చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే చూద్దామే, అంతకంటే ఏమీ లేదు.

సూది తీసేశాను. సార్ చూస్తుండగానే తీశాను. "ఉన్న ఒక్కటీ తీస్తే ఎలాగమ్మా?" అన్నారు. ఆయన మామయ్య కూడా సూరత్ సాంచల్లోనే ఉన్నాడట, ఆ మాట చెప్పి సూదిని డబ్బాలో పడేశారు. పుస్తకం రెండో అచ్చులో నల్లా సంగతి రాస్తానన్నాను. చూద్దాం అన్నారు. దసరా తర్వాత నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. మ్యాపు ఖాళీగా ఉంది.

ఇవాళ పొద్దున అమ్మను ఆటోలో ఎక్కించుకుని కొత్తవాడ వెళ్ళాను. అచ్చు ముందు ఇద్దరం నేల మీద కూర్చున్నాం. అమ్మ ఎర్ర దారం ఒకటి వేలితో ఎత్తి పట్టుకుని, "కొలువు" అంది. పదిహేను రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

నువ్వు ఎక్కువ రాయకన్నావు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఎడమ పక్క ఇరవై దాకా దారాలు మరీ పొట్టి, వాటికి ముడి పడదేమో. మిగిలినవి నా వేళ్ళతో రెండున్నర. అమ్మ వేళ్ళతో రెండు. నీ వేళ్ళు అమ్మ వేళ్ళకంటే లావు మామయ్యా.

నీ వేళ్ళతో ఎంతున్నదో నాకు తెల్వది. వచ్చి నువ్వే కొలుసుకో.

దీప